కారు కొందామా, కౌలుకు తీసుకుందామా?

డాలస్ నుంచి కొడుకు ఫోన్. ‘‘కొత్త కారు తీసుకున్నా నాన్నా, లీజుకి.’’

తెనాలి మారిస్‌పేటలో ఫోన్ చెవిన పెట్టుకున్న తండ్రి ఒక్క క్షణం ఆగుతాడు. ‘‘లీజేంట్రా? కారేమన్నా రొయ్యల చెరువా?’’ మూడేళ్లు నెలనెలా డబ్బు కట్టి ఆఖర్న తాళాలు వాళ్ల చేతిలోనే పెట్టి రావాలని కొడుకు వివరిస్తే ఆయన స్వరం ఇంకాస్త పెరుగుతుంది. ‘‘అయితే కట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరేగా!’’

పేర్లు, పేటలు మారతాయిగానీ ఈ మాటలు డెల్టాలో చాలా ఇళ్లలో వినపడేవే. తమాషా ఏంటంటే, కౌలు గురించి ఎవరికైనా పాఠం చెప్పగలిగితే అది కృష్ణా డెల్టా రైతే చెప్పాలి. మాగాణి ఎకరానికి ఇన్ని బస్తాలని మాట్లాడుకోవడం, రెండో పంట మినుముకో మొక్కజొన్నకో లెక్క చూసుకోవడం, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న ఆసామికి ఏడాదికోసారి డబ్బు పంపడం ఇక్కడ తరతరాల అలవాటు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలల ఒప్పందం మీద కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇచ్చే ఏర్పాటు చేసింది. సముద్రం వైపు వెళితే చేపల, రొయ్యల చెరువుల దగ్గర ‘లీజు’ అనే మాటే నడుస్తుంది. ఇంత కౌలు తెలిసిన నేల మీద కారు కౌలు మాత్రం ఎందుకో మింగుడుపడదు.

దానికి కారణం ఉంది. పొలం ధర పెరుగుతుంది. ఆ పెరుగుదల ఆసామిది, కౌలుదారుకు పంట మాత్రమే. అందుకే అందరూ ఆసామి కావాలనుకుంటారు. కారు సంగతి దీనికి తలకిందులు. షోరూం గేటు దాటిన పూటనుంచే దాని ధర పడుతుంది. కారుకు ఆసామి కావడమంటే ఆ పడే ధరను నెత్తికెత్తుకోవడమే. పొలం దగ్గర నేర్చుకున్న తెలివిని కారుకు అంటగడితే లెక్క తప్పేది ఇక్కడే. లీజా, అప్పా, సొంత డబ్బా అన్న మూడు దారుల్లో ఏది పట్టినా అడగాల్సిన ప్రశ్న ఒకటే: పడే ధరను ఎవరు మోస్తున్నారు, అందుకు ఎంత తీసుకుంటున్నారు?

2025 సెప్టెంబరు 22న ఈ ప్రశ్న ఎంత ఖరీదైనదో చాలామందికి తెలిసొచ్చింది. ఆ రోజు నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పైనున్న సెస్సూ పోయింది. కొత్త కారు ధర సుమారు ఎనిమిదిన్నర శాతం తగ్గింది. ఆగస్టులో శ్రావణ మాసం బాగుందని కొన్నవాళ్ల కారు, ఒక్క కిలోమీటరు అదనంగా తిరక్కుండానే ఆ మేరకు చౌకైపోయింది. కొత్తది దిగితే పాతదీ దిగాలి కదా! ఆ దెబ్బ పూర్తిగా యజమానిదే. అదే కారు లీజులో ఉంటే ఆ నష్టం లీజు కంపెనీ ఖాతాలో పడేది.

డాలస్ లెక్క తెనాలిలో తేలదు

అమెరికాలో లీజు ఎలా నడుస్తుందో ఒకసారి చూద్దాం. మూడేళ్ల తర్వాత ఈ కారు ఇంత ధర పలుకుతుందని కంపెనీ ముందే కాగితం మీద రాసేస్తుంది. ఇవాళ్టి ధరకూ ఆ ధరకూ ఉన్న తేడాను 36 నెలలకు పంచి, పైన వడ్డీ కలిపి వసూలు చేస్తుంది. ఆ వడ్డీని సూటిగా శాతంలో చెప్పరు. ‘మనీ ఫ్యాక్టర్’ అని ఓ చిన్న దశాంశం చూపిస్తారు. దాన్ని 2400తో హెచ్చిస్తే మనకు తెలిసిన సాలీనా వడ్డీ బయటికొస్తుంది. 0.0025 అని రాసి ఉంటే అది 6 శాతం. ఏడాదికి 10 వేల నుంచి 15 వేల మైళ్ల దాకా తిరగొచ్చు, ఆపైన మైలుకింతని కట్టాలి.

అక్కడ మనవాళ్లు లీజు వైపు మొగ్గడానికి లోకం పోకడ ఒక్కటే కారణం కాదు. హెచ్-1బీ మొదట ఇచ్చేది మూడేళ్లకే. లీజూ మూడేళ్లే. ఉద్యోగం మారితే ఊరు మారాలి, వీసా తేడా వస్తే దేశమే మారాలి. అలాంటప్పుడు కారు తిరిగిచ్చే తేదీ కాగితం మీద ఉండటం ఒక ధైర్యం. ఎలక్ట్రిక్ కార్లకైతే పన్ను చట్టంలోని ఒక సందు కూడా కలిసొచ్చింది. కొనుక్కునేవాళ్లకు ఆదాయ పరిమితులు, కారు తయారీ షరతులు అడ్డొచ్చిన 7,500 డాలర్ల రాయితీని, లీజు కంపెనీలు వాణిజ్య వాహనం పేరుతో తాము తీసుకుని అద్దెలో తగ్గించేవి. 2025 సెప్టెంబరు 30తో ఆ సందు మూసుకుపోయింది.

మన దగ్గర లీజు లేదని కాదు. మారుతీ సుజుకీ 2020లో నెలవారీ చందా పథకం మొదలుపెట్టింది. పెద్ద కంపెనీల ఉద్యోగులకు జీతంలోంచే లీజు కట్టే సదుపాయం అంతకు ఎంతో ముందు నుంచీ ఉంది. కారును ఉద్యోగమిచ్చిన కంపెనీ పేరున లీజుకు తీసుకుంటారు, అద్దె పన్ను పడకముందే జీతంలోంచి పోతుంది. సొంత వాడకం కింద ఉద్యోగి ఆదాయానికి కలిపేది చిన్న మొత్తమే. ముప్పై శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు ఇది బాగా గిట్టుబాటు. అయితే ఈ పథకాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు లాంటి మహానగరాల చుట్టూనే తిరుగుతున్నాయి. తెనాలి బోసు రోడ్డులో లీజు కావాలని అడిగితే ఏ స్థలం గురించి అంటారేగానీ కారు సంగతి ఎవరికీ తోచదు.

ఈమధ్య ఒక కొత్త చిక్కు వచ్చింది. హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం, పని మాత్రం తెనాలి ఇంట్లోంచి. కంపెనీ లీజు మీద ఇచ్చిన కారుకు తెలంగాణ నంబరు. నాలుగు రోజులు వచ్చిపోతే ఫరవాలేదు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం మరో రాష్ట్రంలో నమోదైన బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి, జీవిత పన్ను సంగతీ తేల్చుకోవాలి. పాత ఏపీ 07 పోయి రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వచ్చాక జిల్లాల తేడా తీరింది కానీ రాష్ట్రాల తేడా అలాగే ఉంది. కాగితాలేమో లీజు కంపెనీ పేరున ఉంటాయి. వాళ్లు అభ్యంతర రహిత పత్రం ఇస్తే తప్ప మన చేతిలో ఏమీ లేదు. లీజు సంతకం పెట్టే ముందు ఈ ఒక్క ముక్క రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది.

ఇంకొకటి కూడా చాలామంది గమనించరు. ఆర్సీ ఎవరి పేరున ఉన్నా, లీజులో గానీ అప్పులో గానీ ఉన్న బండికి, ఆ ఒప్పందం కింద ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లే యజమాని అని చట్టం రెండో సెక్షనులోనే నిర్వచించింది. ప్రమాదం జరిగితే ‘కారు నాది కాదు, కంపెనీది’ అంటే కుదరదు.

తెనాలిలో లీజు నిజంగా ఆలోచించదగినవాళ్లు ఎవరంటే డాక్టర్లు, ఆడిటర్లు, చిన్నపాటి కంపెనీలు నడిపేవాళ్లు. సొంత కారైతే వృత్తి లెక్కల్లో ఏడాదికి 15 శాతం తరుగుదల, అప్పు మీద వడ్డీ చూపించుకోవచ్చు. లీజైతే అద్దె మొత్తాన్నీ ఖర్చు రాసుకోవచ్చు, వృత్తికి వాడినంత మేరకు. కాకపోతే అద్దె మీద జీఎస్టీ పడుతుంది. మామూలు కార్ల మీద కట్టిన ఆ పన్ను తిరిగి రాదు. లాభనష్టాలు తేల్చేది ఈ ముక్కే. దీన్ని షోరూం కుర్రాడిని కాకుండా ఆడిటర్‌ని అడగాలి.

బాపట్లలో పెద్ద కౌలుదారు

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రమైంది. వ్యవసాయ కళాశాల ఊరుగా, సూర్యలంక తీరానికి దారిగా పేరున్న చోటికి కలెక్టరేటు వచ్చింది, దాని వెంట జిల్లా కార్యాలయాలు వచ్చాయి. అధికారి అన్నాక బండి కావాలి. సర్కారు ఈ రోజుల్లో అన్ని కార్యాలయాలకూ కార్లు కొనదు. డ్రైవరుతో సహా నెలవారీ అద్దెకు పెట్టుకుంటుంది. మన చుట్టుపక్కల కార్లకు పెద్ద కౌలుదారు ప్రభుత్వమేనన్నమాట! పడే ధర, టైర్లు, బీమా, డ్రైవరు సెలవు... ఏ తలనొప్పీ దానికి లేదు.

ఆ తలనొప్పంతా పసుపు ప్లేటు బండి యజమానిది. అతను కారు ఫైనాన్స్ మీద తీసుకుంటాడు. వాయిదా నెలకోసారి ఠంచనుగా కోసుకుపోతుంది. ఆఫీసు బిల్లేమో ట్రెజరీ దారిలో, నిధుల విడుదలను బట్టి వస్తుంది. రెండు బిల్లులు ఆగితే మూడో వాయిదాకు చేతిలో ఏముండాలో ముందే ఆలోచించుకోనివాడు ఈ వ్యాపారంలో నిలవడు. ఒకే ఖాతాదారుణ్ని నమ్ముకుని బండి కొనడంలో ఉన్న ప్రమాదాన్ని రేషన్ వ్యాన్లు రాష్ట్రమంతటికీ చూపించాయి. 2021 జనవరిలో 9,260 వ్యాన్లను రాయితీ, బ్యాంకు అప్పులతో యువకులకు ఇచ్చి ఇంటింటికీ రేషన్ పంపించారు. ప్రభుత్వం మారాక 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతి ఆపేసి, మళ్లీ రేషన్ దుకాణాలకే వెళ్లారు. ఏది మంచి విధానమన్నది వేరే చర్చ. నెలనెలా వచ్చే అద్దె ఏదో ఒక రోజు ఆగిపోవచ్చని లెక్కలో రాసుకోవాల్సింది మాత్రం బండివాడే.

సూర్యలంకకు వచ్చే పర్యాటకుల కోసం, పెళ్లిళ్ల కోసం ‘సెల్ఫ్ డ్రైవ్’ కార్లు ఇచ్చేవాళ్లూ ఎక్కువయ్యారు. డ్రైవరు లేకుండా అద్దెకిచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు కారును రోజు అద్దెకు తీసుకుని గుద్దేస్తే, సొంత వాడకానికని రాసిన బీమా ఆదుకోకపోవచ్చు. ‘మీ కారు ఊరికే ఇంట్లో ఎందుకు, మాకివ్వండి, నెలకు ఇంత ఇస్తాం’ అని తీసుకెళ్లి రెండు నెలలు అద్దె చెల్లించి, మూడో నెలకు ఆ కారునే ఎక్కడో తాకట్టు పెట్టేసిన మోసాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసుల దాకా వెళ్లాయి. వాయిదాలు మాత్రం కారిచ్చినవాడే కట్టుకోవాలి.

ముప్పావలా వడ్డీ మాయ

ఇక అసలు విషయానికొద్దాం. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు ఊళ్లలోనూ ఎక్కువమంది కారు అప్పు మీదే కొంటారు. ఎందుకంటే అది చౌకగా కనిపిస్తుంది. కనిపించడమేంటి, ఒక లెక్కన చౌకే! మన దగ్గర వడ్డీని నూటికి నెలకు రూపాయల్లో మాట్లాడుకుంటారు. ప్రోనోటు మీద రూపాయిన్నర, రెండు రూపాయలు మామూలు. బ్యాంకు కారు అప్పు 9 శాతమంటే నూటికి నెలకు ముప్పావలా. రెండు రూపాయల వడ్డీకి అలవాటు పడ్డ చెవికి ముప్పావలా అంటే ఉచితంలా వినిపిస్తుంది.

అందుకే ఊళ్లో డబ్బున్న పెద్దమనుషులు కొందరు గమ్మత్తు చేస్తారు. చేతిలో ఎనిమిది లక్షలున్నా కారు అప్పు మీదే తీసుకుంటారు. ఉన్న ఎనిమిది లక్షలూ రెండు రూపాయలకు తిప్పితే నెలకు రూ.16 వేలు వడ్డీ. అదే ఎనిమిది లక్షల కారు అప్పు 9 శాతం చొప్పున ఏడేళ్లకు తీసుకుంటే వాయిదా రూ.12,871. కాగితం మీద కారూ వచ్చింది, పైన మూడు వేలూ మిగిలాయి. అయితే బ్యాంకు వాయిదా ఖాతాలోంచి దానంతటదే పోతుంది, రెండు రూపాయల వడ్డీ మాత్రం మనం వెళ్లి అడిగితే గానీ రాదు. ప్రోనోటు మూడేళ్లకు తిరగరాయించకపోతే కోర్టులో చెల్లదు. వానలు లేని ఏడాది, మినుము తెగులు పట్టిన ఏడాది వడ్డీ ఇవ్వాల్సినవాడు ముఖం చాటేస్తాడు. తెలివైన లెక్కేగానీ నేనైతే చేయను, చేయమని చెప్పను.

సెకండ్ హ్యాండ్ కార్లకు మరో మాయ ఉంది. పాత కారు మీద మూడు లక్షలు, మూడేళ్లకు, ‘పది శాతం ఫ్లాట్’ అంటారు. అంటే రూపాయి కన్నా తక్కువే అనుకుంటాం. మూడు లక్షలకు మూడేళ్ల వడ్డీ రూ.90 వేలు కలిపి 36 ముక్కలు చేస్తే నెలకు రూ.10,833. కానీ నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు మూడు లక్షల మీదే వేశారు. తరిగే అసలు మీద లెక్కేస్తే ఇది సాలీనా 18 శాతానికి దగ్గర, అంటే రూపాయిన్నర వడ్డీ. రూపాయిలోపే అన్నట్టు వినిపించి రూపాయిన్నర పట్టేశారు. ఈ తేడా దాచకుండా ఉండాలనే 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తిగత అప్పులకు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అందులో అన్ని చార్జీలూ కలిపిన సాలీనా వడ్డీ రేటు, ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. మిగతా పేజీలు చదవకపోయినా ఆ అంకె చదవండి. రెండు చోట్ల ఆ అంకెలు పోల్చితే చాలు, బేరం సగం అయిపోయినట్టే.

షోరూంలో కూర్చోగానే ‘సార్, నెలకు ఎంత కట్టగలరు?’ అని అడుగుతారు. దీనికి జవాబు చెప్పారా, ఇక బేరం మీ చేతిలో లేనట్టే. పన్నెండు వేలంటే ఏడేళ్లకు సాగదీసి అందులో ఇమిడిస్తారు. ఎనిమిది లక్షల అప్పు 9 శాతానికి మూడేళ్లకైతే వాయిదా రూ.25,440, మొత్తం వడ్డీ లక్షా పదహారు వేలు. అయిదేళ్లకు వాయిదా రూ.16,607, వడ్డీ లక్షా తొంభై ఆరు వేలు. ఏడేళ్లకు రూ.12,871, వడ్డీ రెండు లక్షల ఎనభై ఒక్క వేలు. వాయిదా సగమైందని సంబరపడితే వడ్డీ రెండింతలు దాటిపోయింది. అది కనపడే నష్టం. కనపడనిది ఇంకోటుంది, దానికి రేపల్లె వెళ్లాలి.

వరదొస్తే ఎవరి చేతిలో ఏముంటుంది?

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. విజయవాడలో బుడమేరు కార్లను కప్పు దాకా ముంచేసింది. దిగువన కొల్లూరు, రేపల్లె వైపు లంకలు నీటిలో చిక్కుకున్నాయి. ఆ నీళ్లు దిగాక గ్యారేజీల్లో తేలిన లెక్కలు చాలామందికి ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఒక కారు తీసుకుందాం. షోరూం ధర ఎనిమిదిన్నర లక్షలు. జీవిత పన్ను, బీమా, మిగతావి కలిపి రోడ్డు మీదికొచ్చేసరికి పది లక్షలు. రెండు లక్షలు మీరు కట్టారు, ఎనిమిది లక్షలు ఏడేళ్ల అప్పు. మూడేళ్లు దాటగానే కారు వరదలో పూర్తిగా పాడైంది. బీమా కంపెనీ ఇచ్చేది ఐడీవీ, అంటే పాలసీలో రాసిన బండి విలువ మేరకే. మూడేళ్లు దాటిన కారుకు షోరూం ధరలో 40 శాతం తరుగుదల తీసేస్తారు, అంటే మిగిలేది రూ.5.10 లక్షలు. బ్యాంకుకు ఇంకా కట్టాల్సింది రూ.5.17 లక్షలు. బీమా డబ్బు సూటిగా బ్యాంకుకే పోతుంది, చాలని ఏడు వేలు మీరే వేసుకోవాలి. డౌన్ పేమెంట్ రెండు లక్షలు, మూడేళ్లలో కట్టిన నాలుగు లక్షల అరవై మూడు వేలు పోయాయి, కారూ పోయింది. ఇదే అప్పు అయిదేళ్లకు తీసుకుని ఉంటే ఆ రోజుకు బాకీ రూ.3.64 లక్షలే. దాదాపు లక్షన్నర చేతికొచ్చేది.

ఈ లెక్క వరద కోసమే కాదు. ఉద్యోగం పోయినా, అమ్మాయి చదువుకు డబ్బు కావాల్సి వచ్చి కారు అమ్మేద్దామన్నా ఇదే లెక్క. ఏ నెలలో అమ్మినా బాకీ తీరి నాలుగు రూపాయలు మిగలాలి, అప్పుడే ఆ కారు మీదన్నట్టు. అందుకు రెండే మార్గాలు: ముందు ఎక్కువ కట్టడం, అప్పు తొందరగా తీర్చడం. వాయిదా పెద్దదై అయిదేళ్లలో తీర్చలేమనిపిస్తే ఆ కారు మన స్థాయికి ఒక మెట్టు పైన ఉందన్నమాట. కింది మోడల్ చూసుకోవాలి.

నీళ్లలో మునిగిన కారు గురించి ఒక ముక్క, ఏ దారిలో కొన్నవాళ్లకైనా. నీళ్లు దిగాక ఆత్రం కొద్దీ తాళం తిప్పి స్టార్ట్ చేయొద్దు. ఇంజిన్‌లోకి నీరు లాక్కుని లోపలి రాడ్లు వంగిపోతే, మామూలు సమగ్ర బీమా ఉన్నా ఆ ఇంజిన్ ఖర్చు ఇవ్వకపోవచ్చు. దానికి ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ అని వేరే చేర్చుకోవాలి. కారు కొత్తగా ఉన్న మొదటి కొన్నేళ్లు ‘రిటర్న్ టు ఇన్వాయిస్’ కూడా ఉంటే, మొత్తం పోయినప్పుడు ఐడీవీకి కాకుండా కొన్న ధరకు లెక్క కడతారు. కరకట్ట పక్కన ఉండేవాళ్లు మ్యూజిక్ సిస్టమ్ మానుకునైనా ఈ రెండూ తీసుకోవడం నయం.

రేపల్లె, నిజాంపట్నం వైపు రాబడి నెలకోసారి రాదు. రొయ్య పట్టుబడికే డబ్బు, అదీ కౌంటును, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నదాన్ని బట్టి. వంద కౌంటు వచ్చిందా, ముప్పై కౌంటు వచ్చిందా అన్నదాని మీద ఇంటి లెక్కలన్నీ ఆధారపడతాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల చెరువుల మీద ఆ దెబ్బ సూటిగా పడింది. ఇలాంటి రాబడికి ప్రతి నెలా అయిదో తారీఖున పోయే వాయిదా పొసగదు. ట్రాక్టరు అప్పుకు పంటకో కిస్తీ ఇచ్చేవాళ్లు ఉన్నట్టే, రైతు కారు కొంటే పంటను బట్టి వాయిదాలు పెట్టే ఫైనాన్స్ సంస్థలు కొన్ని ఉన్నాయి, అడిగి చూడాలి. కుదరకపోతే పట్టుబడి డబ్బు చేతికొచ్చినప్పుడే ఆరు వాయిదాలకు సరిపడా వేరే ఖాతాలో వేసి, దాన్ని మర్చిపోవాలి. వాయిదాలు తప్పితే సిబిల్ స్కోరు పడిపోతుంది, తర్వాత పంట అప్పుకూ అది అడ్డొస్తుంది. ఇంటికొచ్చి బండి సీజ్ చేస్తామని బెదిరించే మనుషులకు మాత్రం భయపడక్కర్లేదు. బలవంతంగా, గూండాలతో వాహనాలు లాక్కోవడం తగదని 2007లోనే సుప్రీంకోర్టు ప్రకాశ్ కౌర్ కేసులో బ్యాంకులకు గట్టిగా చెప్పింది. బాకీ తీర్చక్కర్లేదని దాని అర్థం కాదు, పద్ధతి ప్రకారం రావాలని.

సొంత డబ్బుతో కొంటే

దుగ్గిరాల యార్డులో పసుపు అమ్మిన డబ్బో, పాడిన చీటీయో చేతిలో ఉంటే మొత్తం కట్టేసి కొనడం ఇక్కడ గౌరవం కింద లెక్క. డబ్బు సంచితో షోరూంకి వెళ్లే కాలం మాత్రం పోయింది. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం రెండు లక్షలు, ఆపైన నగదు ఎవరూ తీసుకోకూడదు. పది లక్షలు దాటిన కారుకు ఒక శాతం పన్ను ముందుగానే పట్టేస్తారు. అది రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. రిటర్ను వేయని రైతులు చాలామంది ఆ పది, పన్నెండు వేలూ వదిలేస్తున్నారు.

డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఏడు శాతానికి ఉంటే, తొమ్మిది శాతం అప్పు చేసి దాన్ని కాపాడుకోవడంలో అర్థం లేదు. ఆ ఏడు మీద కూడా పన్ను పడుతుంది. చీటీ పాడి కొనడం విషయంలో మాత్రం తొందరొద్దు. పాటలో వదులుకునే డబ్బే అక్కడ వడ్డీ. దానికి తోడు నిర్వాహకుడి కమీషను గరిష్ఠ పరిమితి 2019 సవరణతో 5 నుంచి 7 శాతానికి పెరిగింది. మొదటి నెలల్లోనే ఎక్కువ తోసి పాడితే అది ముప్పావలా అప్పు కన్నా ఖరీదవుతుంది. చివరికంటా ఆగి తీసుకునేవాడికి చీటీ ఒక పొదుపు, అప్పుడు దాంతో కారు కొనడం భేషైన పని.

ఒకసారి మొత్తం కట్టేశాక పెద్ద లాభం వడ్డీ కాదు, కాలం. ధర ఎక్కువగా పడేది మొదటి మూడు నాలుగేళ్లే. ఆ దెబ్బ తిన్నాక అదే కారును పదేళ్లు నడిపేవాడికి తర్వాతి సంవత్సరాలు చౌకగా దొర్లిపోతాయి. తెనాలి తండ్రి బడాయిగా చెప్పే ‘నా కారు పన్నెండేళ్లు’ అనే మాటలో నిజమైన లెక్క ఉంది. లీజు ఆ లెక్కను తిరగేస్తుంది. ధర ఎక్కువగా పడే మొదటి మూడేళ్లకే డబ్బు కట్టించుకుని, చౌకగా దొర్లే ఏళ్లు రాకముందే కారు వెనక్కి తీసుకుంటుంది. మూడేళ్లకోసారి కారు మార్చాలనుకునేవాడికి అది న్యాయమైన బేరమే, మన ఊళ్లలో అలాంటివాళ్లు తక్కువ.

మూడేళ్ల పాత కారు కొనేవాడికైతే ఆ మొదటి దెబ్బ ఇంకొకరు తినేసి పెట్టినట్టు. ఏ దారికన్నా ఇదే నయమనిపిస్తుంది నాకు, కాగితాలు సరిగ్గా ఉంటే. ఆర్సీ మీద బ్యాంకు పేరు ఉందేమో మొదట చూడాలి. అప్పు తీరినా చాలామంది బ్యాంకు ఇచ్చిన ఎన్వోసీని, ఫారం 35ని బీరువాలో పెట్టి వదిలేస్తారు. రవాణా శాఖలో ఆ ఎంట్రీ తీయించకపోతే కారు ఇంకా తాకట్టులోనే ఉన్నట్టు. అమ్మేవాడు పద్నాలుగు రోజుల్లో బదిలీ సంగతి తెలియజేయాలి, కొన్నవాడు బీమా తన పేరున మార్చుకోవాలి. పేరు మారకముందు ప్రమాదం జరిగితే పరిహారం భారం రికార్డులో ఉన్న పాత యజమాని మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కారు అమ్మి డబ్బు లెక్కపెట్టుకుని హాయిగా పడుకున్నవాడికి మూడేళ్ల తర్వాత నోటీసు రావడం ఇలాగే. బాపట్ల, సూర్యలంక వైపు తిరిగిన కారైతే కింద పడుకుని చూడాలి. సముద్రపు ఉప్పుగాలి ముందుగా తినేది కింది భాగాన్నే.

అసలు కారు అక్కర్లేని ఇళ్లూ ఉన్నాయి. తెనాలి నుంచి విజయవాడకు, గుంటూరుకు, రేపల్లెకు రైలుంది. నెలకు నాలుగుసార్లు తిరుపతనో ఆసుపత్రనో వెళ్లేవాళ్లకు ట్రావెల్స్ కారు, దానితోపాటు వచ్చే డ్రైవరు చాలు. పెళ్లికి కారు పెట్టాలన్న పట్టింపుతో తమ పేరున అప్పు చేసి అల్లుడికి తాళాలిచ్చే వాళ్లను చూస్తే జాలేస్తుంది. వాయిదా ఒకరిది, కారు ఇంకొకరిది, కట్నం నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది.

లీజు, అప్పు, సొంత డబ్బు అనే ఈ మూడు దారుల మధ్య ఇప్పుడొక సగం కౌలు కూడా పుట్టింది. 2024 సెప్టెంబరులో ఎంజీ కంపెనీ విండ్సర్ అనే ఎలక్ట్రిక్ కారును బ్యాటరీ లేకుండా రూ.9.99 లక్షలకు, బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దెకు ప్రకటించింది. తెనాలి నుంచి విజయవాడ వెళ్లొస్తే డెబ్భై కిలోమీటర్లు అనుకుందాం, బ్యాటరీ అద్దె రూ.245, కరెంటు ఖర్చు వేరే. కారులో ధర అతి వేగంగా పడే భాగం బ్యాటరీయే కాబట్టి దాన్ని వేరొకరి నెత్తిన పెట్టడం తెలివైన ఆలోచనే. కానీ నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉందా? కారు అమ్మితే బ్యాటరీ ఒప్పందం కొన్నవాడికి బదిలీ అవుతుందా? వరదలో మునిగితే బ్యాటరీ బీమా ఎవరు తీసుకుంటారు? అడ్వాన్సు కట్టే ముందు షోరూం వాళ్ల చేత ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాయించుకోండి.